ఆకులో ఉన్నదంతా కప్పులోకి దిగుతుందా?

మూలికల టీలలో కలుపు మొక్కల విషాలు, పురుగుమందుల అవశేషాలు, సీసం వంటి లోహాలు బయటపడ్డాయన్న వార్తల మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి శీర్షికలో జవాబులిస్తున్నాను. ఉత్తరాలు చాలా వచ్చినందువల్ల ఒకే విషయాన్ని అడిగినవాటిని కలిపి కుదించాను. కిలో ఆకులో ఎంత ఉందన్నది ఒక అంకె, అందులో కప్పులోకి ఎంత దిగుతుందన్నది మరో అంకె, దిగినది ఒంటికి ఎంత హాని చేస్తుందన్నది మూడో విషయం. చాలా ఉత్తరాల్లో ఈ మూడూ కలగలిసిపోయి కనిపించాయి గనుక జవాబుల్లో వాటిని వీలైనంత వరకు విడదీసి చెప్పాను.

ప్రశ్న: నేను రోజూ మూడు కప్పుల సీమచామంతి టీ తాగుతాను. మూలికల టీలలో కాలేయాన్ని దెబ్బతీసే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు కిలోకు వందల మైక్రోగ్రాముల చొప్పున ఉంటున్నాయని ఒక వ్యాసంలో చదివాను. సీమచామంతిలోకి ఆ విషం ఎలా వచ్చింది? ఇన్నేళ్లుగా తాగుతున్న నేను భయపడాలా?

జవాబు: ఆ విషం సీమచామంతిది కాదు, దాని పక్కన మొలిచిన కలుపుది. పశువులు, పురుగులు తమను మేయకుండా కొన్ని మొక్కలు ఈ ఆల్కలాయిడ్లను తయారుచేసుకుంటాయి. ఇలాంటి మొక్కలు 6,000కు పైగా ఉన్నాయని అంచనా. వాటిలో గుర్తించిన ఆల్కలాయిడ్ల రకాలు 600 దాటాయి. పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన సెనేసియో, చిక్కుడు కుటుంబానికి చెందిన క్రోటలేరియా ఈ గుంపులో పేరుమోసినవి. మూలికల పంటను యంత్రంతో కోసేటప్పుడు వరుసల మధ్య ఉన్న కలుపు కూడా కోతలో కలిసిపోతుంది. ఎండి నలిగాక దాన్ని కంటితో గుర్తుపట్టడం అసాధ్యం.

ఎంత కలుపు కలిస్తే ఎంత విషం చేరుతుందో ఒక లెక్క వేసి చూడండి. ఎండిన సెనేసియో బరువులో ఆల్కలాయిడ్లు 0.2 శాతం ఉన్నాయనుకుంటే, ఒక్క కిలో కలుపులో 2 గ్రాములు ఉన్నట్టు. ఆ కిలో 5 టన్నుల మంచి ఆకులో సమానంగా కలిసినా, కిలో సరుకుకు 400 మైక్రోగ్రాములు తేలతాయి. నిజానికి అది సమానంగా కలవదు, ఒక బస్తాలో దట్టంగా ఉండి పక్క బస్తాలో అసలే లేకపోవచ్చు. ఒకే సరుకు నుంచి తీసిన రెండు నమూనాల ఫలితాలు పొంతన లేకుండా రావడానికి ఇదే కారణం. కలుపును పీకి చేలోనే వదిలేస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. కుళ్లుతున్న కలుపు నుంచి ఆల్కలాయిడ్లు నేలలోకి ఇంకి, పక్క మొక్కల వేళ్ల గుండా వాటి ఆకుల్లోకి చేరతాయని జర్మనీ పరిశోధకులు పుదీనా వంటి మొక్కలపై చేసిన ప్రయోగాల్లో చూపించారు.

ఇక నీటిలోకి దిగే సంగతి. మొక్కలో ఈ ఆల్కలాయిడ్లు చాలావరకు ఆక్సిజన్ చేరిన ఎన్-ఆక్సైడ్ అనే రూపంలో ఉంటాయి, ఆ రూపం నీటిలో సులభంగా కరుగుతుంది. మరిగే నీటి వేడికి అవి విరిగిపోవు. ఎంత శాతం దిగుతుందన్నది మూలికను బట్టి, ఆకు ఎంత నలిగిందన్నదాన్ని బట్టి, ఎంతసేపు నానిందన్నదాన్ని బట్టి మారుతుంది గాని, లెక్క వేసుకునేటప్పుడు అంతా దిగినట్టే అనుకోవడం మంచిది. పేగుల్లో ఎన్-ఆక్సైడ్ తిరిగి మూల ఆల్కలాయిడ్‌గా మారుతుంది, కాలేయంలోని ఎంజైములు దాన్ని చురుకైన పైరోల్‌గా మారుస్తాయి, ఆ పైరోల్ అక్కడి ప్రోటీన్లకూ డీఎన్‌ఏకూ అతుక్కుంటుంది. లోపలికి వచ్చిన పరాయి పదార్థాన్ని మార్చి బయటికి పంపాలన్న కాలేయపు ప్రయత్నమే ఇక్కడ విషాన్ని పుట్టిస్తోంది.

మీ మూడు కప్పుల లెక్కకు వద్దాం. జర్మనీ ప్రభుత్వ ప్రమాద అంచనా సంస్థ 2013లో మూలికల టీలలో ఈ ఆల్కలాయిడ్లు అనుకున్నదానికన్నా ఎక్కువగా ఉన్నాయని ప్రకటించిన తరువాత, యూరోపియన్ యూనియన్ గరిష్ఠ పరిమితులను రూపొందించి 2022 జూలై 1 నుంచి అమల్లోకి తెచ్చింది. వాటి ప్రకారం ఎండు మూలికల టీకి కిలోకు 200 మైక్రోగ్రాములు, సీమచామంతి, పుదీనా, రూయిబోస్, థైమ్ వంటి కొన్నింటికి మాత్రం 400 మైక్రోగ్రాములు మించకూడదు. కప్పుకు 2 గ్రాముల ఆకు వేస్తే, 400 పరిమితి అంచున ఉన్న సరుకు నుంచి కప్పుకు 0.8, రోజుకు 2.4 మైక్రోగ్రాములు లోపలికి వెళతాయి. యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2017లో ఎలుకల కాలేయ క్యాన్సర్ ప్రయోగాల ఆధారంగా, జబ్బు పెరుగుదల కనబడే మోతాదుకు ఒక అంకెను నిర్ణయించింది: రోజుకు కిలో శరీర బరువుకు 237 మైక్రోగ్రాములు. దానికి 10,000 రెట్లు తక్కువలో ఉంటే ప్రజారోగ్యపరంగా పెద్ద ఆందోళన లేదని ఆ సంస్థ పద్ధతి. 60 కిలోల మనిషికి ఆ లెక్కన రోజుకు సుమారు 1.4 మైక్రోగ్రాములు వస్తాయి. అంటే పరిమితి అంచున ఉన్న సరుకును రోజూ మూడు కప్పులు తాగితే ఆ గీత దాటినట్టే. కిలోకు 20 మైక్రోగ్రాములే ఉన్న సరుకైతే మూడు కప్పులకు 0.12 మాత్రమే, గీతకు చాలా దిగువన ఉన్నట్టు.

గీత దాటడమంటే జబ్బు చేయడమని కాదు. మనుషుల్లో కాలేయ రక్తనాళాలు మూసుకుపోయి తక్షణ హాని కలిగినట్టు నమోదైన అతి తక్కువ మోతాదులు రోజుకు కిలో శరీర బరువుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు; 60 కిలోల మనిషికి కనీసం 60 మిల్లీగ్రాములు, అంటే మీ కప్పులోని 0.8 మైక్రోగ్రాములకు పదివేల రెట్లకు మించినవి. జమైకాలో పిల్లల కాలేయాలు చెడిపోవడాన్ని 1954లో వైద్యులు వర్ణించినప్పుడు, కారణం కలుపు కలిసిన టీ కాదు, క్రోటలేరియా, సెనేసియో ఆకులనే కాచి తాగించిన కషాయాలు. మీ విషయంలో ఆలోచించవలసింది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా చేరే మోతాదు గురించి. ఎప్పుడూ ఒకే మూలికను, ఒకే సరుకును తాగకుండా మారుస్తూ ఉంటే, ఎక్కడో ఒక బస్తాలో దట్టంగా పడ్డ కలుపు మీ వాటాకే పదేపదే వచ్చే అవకాశం తగ్గుతుంది. మానేయమని నేను చెప్పను; మూడు కప్పులనూ ఒకే డబ్బాలోంచి తీయకండి.

ప్రశ్న: ఆకు మీద మొదట కొంచెం వేడినీళ్లు పోసి పారబోసి, రెండోసారి పోసిన నీళ్లు మాత్రమే తాగితే పురుగుమందుల అవశేషాలు పోతాయంటారు. నిజమేనా?

జవాబు: ఏ మందు అన్నదాన్ని బట్టి ఉంటుంది. పురుగుమందుల్లో నీటిని ఇష్టపడేవీ, కొవ్వును ఇష్టపడేవీ అని రెండు తెగలు ఉన్నాయి. ఇమిడాక్లోప్రిడ్ లీటరు నీటిలో సుమారు 600 మిల్లీగ్రాములు కరుగుతుంది. థయామెథాక్సామ్ గ్రాముల లెక్కలోనే కరుగుతుంది. బైఫెన్‌త్రిన్ వంటి పైరెత్రాయిడ్ మందు లీటరులో ఒక మిల్లీగ్రాములో పదో వంతుకు మించి కరగదు. అది ఆకు పైనుండే మైనపు పొరను పట్టుకుని ఉండిపోతుంది. అందువల్ల మొదటి తెగలోని మందు ఆకులో కొద్దిగా ఉన్నా దానిలో పెద్ద భాగం కప్పులోకి వస్తుంది, రెండో తెగలోనిది ఆకులో ఎక్కువగా కనిపించినా చాలావరకు పిప్పితోపాటు చెత్తబుట్టకు పోతుంది. ఎండు ఆకులో ఏ మందు ఎంత ఉందో చెప్పి, అందులో ఏది నీటిలో కరిగేదో చెప్పకుండా ఊరుకునే వార్తలు సగం సంగతే చెబుతున్నట్టు.

ఇప్పుడు మీ మొదటి నీళ్ల పద్ధతికి వద్దాం. అది తీసేయగలిగేది నీటిలో కరిగే మందులనే, అదీ కొంత భాగం మాత్రమే. ఎందుకంటే కొన్ని సెకన్లలో నీరు ఆకు లోపలిదాకా వెళ్లదు. పైపైన ఉన్న దుమ్ము పోతుంది, దుమ్ముతోపాటు దానికి అంటుకున్న లోహాలు కొంత పోతాయి. అదే సమయంలో తొందరగా దిగే సువాసన కూడా పోతుంది. నీళ్లు పారబోయడంలో నష్టమేమీ లేదు గాని, దాన్ని శుద్ధి కింద లెక్కగట్టి నాసిరకం సరుకు కొనడం మాత్రం పొరపాటు.

పూర్తిగా దిగిపోయేది ప్రతిదీ ప్రమాదకరమని కూడా అనుకోవద్దు. పెర్‌క్లోరేట్ అనే లవణం కొన్ని ఎరువుల ద్వారా ఆకుల్లోకి చేరుతుంది. థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను తీసుకోకుండా అది అడ్డుపడుతుంది. నీటిలో బాగా కరిగే లవణం గనుక దాదాపు అంతా కప్పులోకి వస్తుంది. అయితే ఎండు మూలికల టీకి యూరోపియన్ పరిమితి కిలోకు 0.75 మిల్లీగ్రాములు, అంటే 2 గ్రాముల ఆకులో 1.5 మైక్రోగ్రాములు. రోజూ తీసుకున్నా హాని లేదని యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2014లో నిర్ణయించిన మోతాదు 60 కిలోల మనిషికి 18 మైక్రోగ్రాములు. నూటికి నూరు పాళ్లూ దిగినా ఒక కప్పు అందులో పన్నెండో వంతే.

ప్రశ్న: మందార జాతి పూరేకులతో చేసిన పుల్లని ఎర్ర టీలో, నిమ్మరసం పిండిన టీలో సీసం ఎక్కువగా ఉంటుందా?

జవాబు: పులుపు లోహాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని బయటికి లాగుతుంది. నేలలోంచి, గాలిలోని దుమ్ములోంచి, ఎండబెట్టిన చోటు నుంచి ఆకుకు చేరిన సీసంలో చాలా భాగం ఆకులోని టానిన్లకూ పీచుకూ గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి మామూలు నీటిలోకి తక్కువ భాగమే దిగుతుంది. నీటిలో ఆమ్లం పెరిగినకొద్దీ ఆ పట్టు సడలుతుంది. అల్యూమినియం విషయంలోనూ ఇదే జరుగుతుంది. మందార జాతి పూరేకుల టీ స్వతహాగా బాగా పుల్లనిది, దాని పీహెచ్ (7 కన్నా ఎంత తగ్గితే అంత పులుపని చెప్పే కొలత) 3 దరిదాపుల్లో ఉంటుంది.

అంకెల్లో చూద్దాం. మూలికల ముడి సరుకులో సీసానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో ఉన్న పరిమితి కిలోకు 10 మిల్లీగ్రాములు, కాడ్మియానికి 0.3 మిల్లీగ్రాములు. సరిగ్గా ఆ పరిమితి దగ్గర ఉన్న సరుకును 2 గ్రాములు తీసుకుంటే అందులో 20 మైక్రోగ్రాముల సీసం ఉంటుంది. పదో వంతు దిగిందనుకుంటే 200 మిల్లీలీటర్ల కప్పులో 2 మైక్రోగ్రాములు, అంటే లీటరుకు 10 మైక్రోగ్రాములు అవుతుంది. తాగునీటిలో సీసానికి అదే సంస్థ చెప్పిన అంకె కూడా లీటరుకు 10 మైక్రోగ్రాములే. పులుపు వల్ల దిగే భాగం రెట్టింపైతే ఆ హద్దు దాటుతాం. ముడి సరుకు పరిమితి ఉదారంగా కనిపించడం వెనక, అందులో కొంతే నీటిలోకి వస్తుందన్న నమ్మకం ఉందని దీన్ని బట్టి తెలుస్తుంది. ఆ నమ్మకం ఎప్పుడూ చెల్లదు. సీసానికి హాని చేయని మోతాదంటూ చూపలేమని తేలడంతో, అంతర్జాతీయ నిపుణుల సంఘం 2010లో తన పాత వారపు పరిమితిని ఉపసంహరించుకుంది కూడా.

పుల్లని టీ విషయంలో ఆకుకన్నా పాత్రను ముందు అనుమానించాలి. సీసం కలిసిన మెరుపు పూత సరిగా కాలని మట్టి కప్పులు, సీసపు అతుకులున్న పాత లోహపు కెటిళ్లు పులుపుకు త్వరగా లొంగుతాయి. నిమ్మరసం పిండేది ఆకును తీసేసిన తరువాతే పిండితే, గాజు కప్పులో తాగితే, ఈ విషయంలో ఇంట్లో చేయగలిగిన జాగ్రత్త చాలావరకు తీసుకున్నట్టే.

ఇదే అంశానికి మరో వైపు ఉంది. నీటిలోనే సీసం ఉంటే టీ ఆకు దాన్ని కొంత పీల్చుకుంటుందని అమెరికా పరిశోధకులు 2025లో ప్రచురించారు. మామూలుగా కాచే వ్యవధిలో సుమారు 15 శాతం సీసం నీటిలోంచి ఆకుకు పోయింది. ఆకు లోహాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే సాక్ష్యంగా దీన్ని తీసుకోండి గాని, నీటిని శుద్ధి చేసే మార్గంగా కాదు.

ప్రశ్న: మా ఇంట్లో మూలికలను మెత్తగా పొడిచేసి, వేడినీటిలో కలిపి వడకట్టకుండా తాగుతాం. తేడా ఉంటుందా?

జవాబు: చాలా ఉంటుంది. పైన చెప్పిన లెక్కలన్నీ పిప్పిని పారేసేవారికే. పొడిని మింగేవారికి దిగింది ఎంత, మిగిలింది ఎంత అన్న ప్రశ్నే లేదు. కప్పుకు 2 మైక్రోగ్రాముల సీసం అనుకున్న చోట 20 లోపలికి వెళతాయి, మైనపు పొరను పట్టుకున్న పైరెత్రాయిడ్ మందు కూడా మొత్తం వెళుతుంది. వడకట్టి తాగేవారికి పనికొచ్చే సరుకు పొడి మింగేవారికి పనికిరాకపోవచ్చు. పొడిగా వాడదలిస్తే లోహాల పరీక్ష చేయించిన సరుకునే ఎంచుకోండి, లేదా పలుచని గుడ్డతో వడకట్టి అడుగున పేరుకున్న మడ్డిని వదిలేయండి.

ప్రశ్న: సేంద్రియ పద్ధతిలో పండించిన మూలికలైతే ఈ బెడద ఉండదు కదా?

జవాబు: కృత్రిమ పురుగుమందుల బెడద బాగా తగ్గుతుంది. కలుపు విషాల బెడద తగ్గదు. కలుపుమందు వాడని చేలో చేతితో కలుపు తీయడంలో అలసత్వం ఉంటే పెరగవచ్చు కూడా. నేలలోని కాడ్మియానికి సేంద్రియమన్న ముద్రతో నిమిత్తం లేదు.

ప్రశ్న: ఒక్క టీ బ్యాగు నుంచి వందల కోట్ల ప్లాస్టిక్ కణాలు వస్తాయన్న వార్త చదివాక బ్యాగులు వాడడం మానేశాం. కాగితం బ్యాగు అయినా మంచిదేనా?

జవాబు: ఆ వార్తకు మూలం కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం. నైలాన్, పాలిఎస్టర్ వలతో చేసిన ఖాళీ బ్యాగును 95 డిగ్రీల నీటిలో ఉంచితే కప్పుకు సుమారు 1,160 కోట్ల సూక్ష్మ కణాలు, 310 కోట్ల నానో కణాలు వచ్చాయని వారు లెక్కగట్టారు. మరుసటి ఏడాది జర్మనీ శాస్త్రవేత్తలు దాన్ని ప్రశ్నించారు: నీటిలో కరిగి వచ్చిన చిన్న పాలిమర్ ముక్కలు నమూనాను ఎండబెట్టినప్పుడు గట్టిపడి కణాల్లా కనిపించాయని, నిజమైన కణాల సంఖ్య చాలా తక్కువని వారి వాదన. కణాలైనా, కరిగిన ముక్కలైనా బ్యాగు నుంచి నీటిలోకి ఏదో వస్తోందన్న విషయంలో మాత్రం ఇరుపక్షాలకూ తేడా లేదు. నా మటుకు నేను ఆ కోట్ల అంకెను పక్కన పెడతాను, ప్లాస్టిక్ వల బ్యాగును కూడా పక్కన పెడతాను.

కాగితం బ్యాగు కూడా కేవలం కాగితం కాదు. అంచులు వేడితో అతుక్కోవడానికి చాలా బ్యాగుల్లో పాలిప్రొపిలీన్ పోగులు కలుపుతారు. వేడినీటిలో చిరిగిపోకుండా కాగితానికి ఎపిక్లోరోహైడ్రిన్‌తో చేసిన రెసిన్ పట్టిస్తారు. దాని నుంచి 3-ఎంసీపీడీ అనే హానికర పదార్థం నీటిలోకి దిగగలదు. అందుకే జర్మనీ సిఫార్సుల్లో కాగితం నుంచి నీటిలోకి వచ్చే 3-ఎంసీపీడీ లీటరుకు 12 మైక్రోగ్రాములు మించరాదని నియమం పెట్టారు. బ్యాగుల్లో నింపేది సాధారణంగా సన్నని నూక. నీటికి తగిలే ఉపరితలం ఎక్కువ గనుక రుచితోపాటు మలినాలు కూడా విడి ఆకులో కన్నా త్వరగా దిగుతాయి. విడి ఆకు, స్టీలు జల్లెడ ఉంటే ఈ ప్రశ్నలేవీ రావు.

ప్రశ్న: నెలల పాపకు కడుపునొప్పి తగ్గుతుందని సోంపు, అనాసపువ్వు వంటివి కాచి తాగించమని పెద్దలు చెబుతున్నారు. పాలిచ్చే తల్లిగా నేను తాగవచ్చా? పాపకు ఇవ్వవచ్చా?

జవాబు: అమ్మా, పాపకు ఇవ్వవద్దు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆపైన లెక్క కూడా పాపకు అనుకూలంగా లేదు. కలుపు ఆల్కలాయిడ్లకు 60 కిలోల మనిషికి రోజుకు 1.4 మైక్రోగ్రాముల గీత అయితే, 6 కిలోల పాపకు అది 0.14 మాత్రమే. పెద్దలకు ఏమాత్రం లెక్కలోకి రాని కప్పు పాప విషయంలో గీత దాటించగలదు. యూరప్‌లో శిశువుల కోసం అమ్మే మూలికల టీకి కిలోకు 75 మైక్రోగ్రాములు, తాగడానికి సిద్ధంగా ఉన్న ద్రవానికి లీటరుకు 1 మైక్రోగ్రాము అని కఠినమైన పరిమితులు విడిగా పెట్టింది ఇందుకే.

అనాసపువ్వు విషయంలో మరో ప్రమాదం ఉంది. వంటకు వాడే అనాసపువ్వుకు జపాన్‌లో పెరిగే విషపు జాతి ఒకటి రూపంలో అచ్చుగుద్దినట్టు ఉంటుంది. దానిలోని అనిసాటిన్ మెదడును ఉద్రేకపరచి మూర్ఛలు తెప్పిస్తుంది. అనాసపువ్వు టీ తాగిన శిశువులతో సహా పలువురు అస్వస్థులు కావడంతో 2003లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆ టీలను తాగవద్దని హెచ్చరించింది. ఎండి విరిగిన రేకుల్లో రెండు జాతుల తేడా ఇంట్లో తేల్చలేం.

మీ విషయానికి వస్తే, ఈ ఆల్కలాయిడ్లు తల్లి నుంచి గర్భస్థ శిశువుకు చేరగలవు, పాలలోకీ రాగలవు. గర్భిణిగా ఉన్నప్పుడు తల్లి రోజూ తాగిన మూలికల టీ వల్ల పుట్టిన బిడ్డ కాలేయ రక్తనాళాలు మూసుకుపోయిన ఉదంతం ఒకటి 1988లో వైద్య పత్రికలో వచ్చింది. అప్పుడప్పుడు ఒక కప్పు తెలిసిన మూలికతో తాగడానికి అభ్యంతరం లేదు. పాలు పెరుగుతాయని చెప్పి రోజుకు నాలుగైదుసార్లు తాగించే మిశ్రమాలను మాత్రం, అందులో ఏమేమి ఉన్నాయో మీ వైద్యులకు చూపించకుండా తాగవద్దు.

ప్రశ్న: ఒక మూలికల మిశ్రమం తాగిన గంటలో నోరు పిడచకట్టుకుపోయి, గుండె దడదడలాడి, చూపు మసకబారింది. ఒంటికి పడలేదనుకోవాలా?

జవాబు: అలా అనుకుని ఊరుకోవద్దు. నోరు ఎండడం, కంటిపాపలు పెద్దవై చూపు మసకబారడం, గుండె వేగం పెరగడం మూడూ కలిసి వస్తే ఉమ్మెత్త కుటుంబపు ఆల్కలాయిడ్లయిన అట్రోపిన్, స్కోపోలమిన్‌లను అనుమానించాలి. ఉమ్మెత్త కూడా చేలలో కలుపుగా మొలిచేదే, దాని విత్తనమో ఆకో సరుకులో కలవగలదు. ఈ రెండింటికీ కలిపి యూరోపియన్ పరిమితి ఎండు మూలికలో కిలోకు 25 మైక్రోగ్రాములు. దాన్ని పాటించిన సరుకు 2 గ్రాముల్లో ఉండే 0.05 మైక్రోగ్రాములతో ఈ లక్షణాలు రావు. లక్షణాలు వచ్చాయంటే కలిసినది ఆనవాళ్ల స్థాయిలో కాదని అర్థం. అయోమయం, భ్రమలు మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి; మిగిలిన పొట్లాన్ని పారేయకుండా వెంట తీసుకువెళ్లాలి, చికిత్సకూ పరీక్షకూ అదే ఆధారం.

ప్రశ్న: పొగ వాసన వేసే టీలు క్యాన్సర్ కారకాలంటారు, నిజమా?

జవాబు: కట్టెల పొగ మీద ఆరబెట్టిన ఆకుకు బెంజోపైరీన్ వంటి పదార్థాలు అంటుకుంటాయి; బెంజోపైరీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ నిర్ధారించింది. అయితే ఇవి నీటిని ససేమిరా ఇష్టపడని పదార్థాలు, కప్పులోకి వచ్చేది కొద్ది శాతమే. పొగ నుంచే రాగల ఆంత్రాక్వినోన్‌కు యూరప్‌లో టీ ఆకుకు కిలోకు 0.02 మిల్లీగ్రాముల పరిమితి ఉంది. పొగ వాసన కన్నా నేను ముందు అడిగేది ఎంత వేడిగా తాగుతున్నారని. 65 డిగ్రీలకు మించిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహికకు క్యాన్సర్ వచ్చే అవకాశం ఉండవచ్చని అదే సంస్థ 2016లో వర్గీకరించింది.

ప్రశ్న: మలినాలు తక్కువ దిగుతాయని చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి తాగడం మేలా?

జవాబు: కాదు. నీటిలో బాగా కరిగేవి రాత్రంతా నానితే చల్లటి నీటిలోకీ దిగుతాయి. ఎండు మూలికల మీద ఉండే సూక్ష్మజీవులను చంపే వేడి మాత్రం ఉండదు. జర్మనీలో 2002, 2003 సంవత్సరాల్లో అనిస్ విత్తనాలు కలిసిన మూలికల టీ తాగిన శిశువులకు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకింది; సరిగా మరగని నీటితో చేసిన టీ అనుమానానికి గురైంది. కళపెళ మరిగే నీటినే పోయండి, ఐదు నుంచి పది నిమిషాలు నాననిచ్చి ఆకు తీసేయండి. గంటల తరబడి పిప్పిని అందులోనే ఉంచితే రుచి పెరగదు గాని లోహాలు ఇంకాస్త దిగుతాయి.

ప్రశ్న: అమ్మేవారు ప్రయోగశాల నివేదిక చూపించి "ఏమీ లేవు" అంటున్నారు. నివేదికలో ఏం చూడాలి?

జవాబు: మొదట చూడవలసింది పరీక్ష ఎండు ఆకు మీద చేశారా, కాచిన ద్రవం మీద చేశారా అన్నది. కిలో ఆకును కాచి వచ్చిన వంద లీటర్ల ద్రవంలో లీటరుకు వచ్చే అంకె, అంతా దిగినా సరే, ఎండు ఆకు అంకెలో వందో వంతే ఉంటుంది. రెండింటినీ తారుమారు చేసి చూపితే ఏ సరుకైనా మంచిదిగా కనిపిస్తుంది. రెండోది, "కనిపించలేదు" అన్నచోట పక్కన ఎంత వరకు కనిపెట్టగలరో రాశారా అన్నది. కిలోకు 500 మైక్రోగ్రాములు దాటితే తప్ప పసిగట్టలేని పద్ధతిలో 400 పరిమితిని పరీక్షించి ఏం లాభం? మూడోది, పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లలో ఎన్నింటిని వెతికారన్నది. యూరోపియన్ నియమం 21 రకాల మొత్తాన్ని లెక్కించమంటుంది, రెండు మూడు రకాలు వెతికి మొత్తం లేదనడం చెల్లదు. చివరగా, నివేదిక మీద ఉన్న సరుకు (బ్యాచ్) సంఖ్య మీ చేతిలోని డబ్బా మీద ఉన్న సంఖ్యతో కలుస్తుందో లేదో చూడండి. కలవకపోతే ఆ నివేదిక వేరే బస్తాది.